పిలిస్తే పలికే బావి

"చెరువు గేజి మీద ఆవిడ చూసిన ఆఖరి అంకె మూడు పాయింటు నాలుగు రెండు మీటర్లు. సాయంత్రం అయిదూ నలభైకి ఆవిడ ఫోన్ నుంచే మెసేజి వచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆ చెరువుకే తెలియాలి, మేడమ్."

ఇంత చెప్పి కంట్రోల్ రూమ్ అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా 'దశాంశం' అంటారని లిఫ్టులో పైకొస్తుండగానే నా చెవిన పడింది. పాయింటు లేకుండా ఆయన నోట అంకె రాదట.

ఆయన వెనక గోడంతా దేశపటం. వాన కొలిచే యంత్రాలకి ఒక రంగు చుక్క, నదులకి ఒకటి, చెరువులకి ఒకటి, నేల కింద నీటిని కనిపెట్టుకుని ఉండే బావులకి ఇంకొకటి. ఒక్కో యంత్రం గంటకోసారి తన అంకె పంపుతుంది, పంపగానే దాని చుక్క వెలుగుతుంది. చూడ్డానికి బాగానే ఉంది గానీ, నేను చుక్కలు లెక్కపెట్టడానికి రాలేదు.

ఈ ఆఫీసులో పనిచేసే ఫీల్డు ఆఫీసరు మూడు రోజులుగా కనిపించడం లేదు. యంత్రాలు పంపే అంకెలు నిజమో కాదో చోటుచోటుకీ వెళ్ళి కంటితో సరిచూడటం ఆమె పని. ఆమె జీపు చెరువు గట్టున దొరికింది. ఫోను జీపులోనే ఉంది. పడవ ఖాళీగా నీళ్ళ మధ్యలో తేలుతోంది. భార్యని భర్తే చెరువులో తోసేశాడని పోలీసులు తేల్చేసి, నిన్న రాత్రి అతన్ని పట్టుకుపోయారు. ఈ సాయంత్రం కోర్టులో హాజరు పరుస్తారు.

నన్ను పెట్టుకున్నది ఆ భర్త తల్లి. రిటైరైన నర్సు. ఇంట్లో కూర్చోమంటే వినకుండా నా వెంటే వచ్చింది.

"నా కొడుకు మీద అనుమానంతో వచ్చాననుకునేరు," అంది పెద్దావిడ దశాంశంతో. "బొద్దింకని చంపాలంటే నన్ను పిలుస్తాడు వాడు. వాడి సంగతి వాడు చూసుకుంటాడు. నాకు నా కోడలు కావాలి."

"మీ బాధ అర్థమైంది అమ్మా," అన్నాడాయన.

"ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?" అన్నాను.

"ఇక్కడే, ఏడింటి దాకా. స్టాఫంతా అయిదింటికి వెళ్ళిపోతారు. నేనొక్కణ్ణే ఉన్నాను. కావాలంటే గేటు దగ్గర కెమెరాలో చూసుకోండి."

అడక్కుండానే సాక్ష్యం చూపించాడు. మంచిదే.

"ఆ రోజు ఆమె చెరువుకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదా?"

"ప్రోగ్రాంలో చెరువే ఉంది."

"సరే, ఒక చిన్న సరదా. తెర చూడకుండా, నిన్న సాయంత్రం మీ నదుల్లో ఏదో ఒకదాని మట్టం చెప్పండి."

ఆయన గోడ మీది పటం వైపు చెయ్యి చూపాడు. "వేల పాయింట్లు మేడమ్! అన్నీ ఎలా గుర్తుంటాయి?"

"నేనూ అదే అడుగుతున్నాను. అది ఒక్కటీ ఎలా గుర్తుంది?"

"తోటి ఉద్యోగి ఆఖరి మాట అది. మరిచిపోతామా?"

జవాబు బాగుంది. మరీ బాగుంది. ముందే సిద్ధం చేసుకున్న జవాబులకే ఇంత తడి ఉంటుంది. అప్పటికే నాకు మనిషి నచ్చలేదు, కానీ నచ్చకపోవడం నేరం కాదు కదా.

లేచి నిలబడ్డాను. "ఆఖరి మాట అని మీరంటున్నారు. ఆమె బతికే ఉందని నేనంటున్నాను. చెరువులో మూడు రోజులు వెతికినా దొరకని మనిషి ఇంకెక్కడో ఉన్నట్టే లెక్క. సాయంత్రంలోగా తేలిపోతుంది లెండి."

ఆయన తలుపు దాకా వచ్చి సాగనంపాడు. అంత మర్యాద కూడా నాకు నచ్చలేదు.

చెరువు దగ్గర నాకంటే ముందే నా మరిది ఉన్నాడు. ఈ కేసుకి ఇన్‌స్పెక్టరు వాడే. మా ఆయనకి సొంత తమ్ముడు. నేను పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న రోజు స్వీట్లు పంచింది వాడే. సంతోషంతోనో, పీడా విరగడైందనో ఇప్పటికీ చెప్పడు.

"వదినా! ఆ తాడు ఎందుకు కట్టామో తెలుసా?"

"దూకడానికి వీలుగా కిందికే కట్టావు నాయనా," అంటూ దాటేశాను.

"తమాషా కాదు. గజ ఈతగాళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నారు. ప్రైవేటు వాళ్ళు ఇక్కడ అడుగు పెట్టడానికి వీల్లేదు. ఇంట్లో అయితే నువ్వు వదినవి, ఇక్కడ కాదు."

"ఇంట్లో మాత్రం నా మాట ఎప్పుడు విన్నావు? అసలు అతని మీద నీ దగ్గరేం ఉంది, చెప్పు."

"ముందు రోజు ఇద్దరూ గొడవపడ్డారు. పక్కింటివాళ్ళు విన్నారు. ఆ రోజు అతను బడి నుంచి తొందరగా వెళ్ళిపోయాడు. ఎక్కడికెళ్ళావంటే నీళ్ళు నములుతున్నాడు."

"మొగుడూ పెళ్ళాల గొడవలన్నీ హత్యలైతే మీ అన్నయ్య ఈపాటికి నాలుగుసార్లు పోయి ఉండేవాడు."

గట్టు మీద నిలబడ్డ పెద్దావిడ అందుకుంది. "ఎక్కడికెళ్ళాడో నేను చెబుతాను ఇన్‌స్పెక్టరు గారూ. పళ్ళ డాక్టరు దగ్గరికి. సూది అంటే ఏడుస్తాడు. ఆ మాట బయటికి చెప్పుకోవడం సిగ్గు. కావాలంటే డాక్టర్నే అడగండి."

మరిది మొహం ఎర్రబడింది. "మూడు రోజుల్నుంచీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్ను ఎవరడిగారు? ముసలిదానికేం తెలుసు అనుకున్నారు."

వాడు ఫోను తీసి ఎవరికో ఆ డాక్టరు సంగతి కనుక్కోమని చెబుతూ పక్కకి వెళ్ళాడు. నేను చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగాను.

గేజి అంటే బ్రహ్మపదార్థం కాదు. నీళ్ళలో పాతిన పెద్ద స్కేలు, అంతే. నీళ్ళు ఏ గీతని తాకితే అదే మట్టం. చెరువుకి అటు చివర తూము గదిలో యంత్రం తనంతట తాను కొలిచి ఆఫీసుకి పంపుతూ ఉంటుంది. ఆ యంత్రం మాట నిజమా కాదా అని ఇటు వైపు మనిషి వచ్చి ఈ స్కేలు చూస్తుంది. యంత్రం మీద ఒక కన్ను, మనిషి మీద ఇంకో కన్ను. బాగుంది.

స్కేలు దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. నీళ్ళు మూడు పాయింటు నాలుగు ఎనిమిది దగ్గరున్నాయి. మూడు రోజుల కిందట నాలుగు రెండు. అంటే చెరువు ఆరు సెంటీమీటర్లు పెరిగిందా? ఎండ మాడు పగలగొడుతోంది. వాన లేదు, పైనుంచి నీళ్ళు వదిలిన జాడా లేదు. గట్టు రాళ్ళ మీద తడి చార నీటికి కాస్త పైనే ఉంది. అంటే చెరువు తగ్గుతోంది, పెరగడం లేదు.

అక్కడే నిలబడి కంట్రోల్ రూమ్‌కి ఫోను చేశాను. దశాంశం కాకుండా ఆపరేటరు ఎత్తింది. పొద్దున చూశానావిడని, మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకుని మాటకి ముందు నవ్వే మనిషి.

"అమ్మా, ఈ చెరువు మట్టం ఇప్పుడు మీ తెర మీద ఎంతుంది?"

"మూడు పాయింటు నాలుగు ఒకటి అండి."

"ఇక్కడ స్కేలు మీద నాలుగు ఎనిమిది ఉందే?"

"అవునండీ, ఏడు సెంటీమీటర్ల తేడా ఉంటుంది. పోయినేడు పడవ గుద్ది ఆ స్కేలు బురదలోకి కుంగిపోయింది. కొత్తది పాతేదాకా దాని అంకెలోంచి ఏడు తీసేసి చూసుకుంటాం."

"ఎవరు తీసేస్తారు? అక్కడ చూసే మనిషా, మీరా?"

"అయ్యో, అక్కడివాళ్ళు తీయకూడదండీ! వాళ్ళు తీసి, మళ్ళీ మేమూ తీసేస్తే కొంప మునుగుతుంది. కంటికి ఏది కనబడితే అదే పంపాలి. ఆ రూలు పెట్టిందే మా ఫీల్డు మేడమ్. ఆవిడతో ఆ విషయంలో పరాచికాలు కూడా ఆడకూడదు."

"ఆ సాయంత్రం యంత్రం ఎంత చెప్పింది?"

మీటలు నొక్కిన చప్పుడు. "మూడు పాయింటు నాలుగు రెండు."

"అది బయటివాళ్ళకి కనబడుతుందా?"

"లేదండీ, మర్నాడు పొద్దున గానీ బయటికి వెళ్ళదు. అప్పటిదాకా ఈ గదిలోనే."

ఫోను పెట్టేసి నవ్వుకున్నాను. పదేళ్ళుగా అబద్ధాలు పట్టుకుని బతుకుతున్నాను గానీ, నిజం చెప్పి దొరికిపోయినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"ఏంటి వదినా, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?" మరిది మళ్ళీ వచ్చాడు. గొంతు కాస్త మెత్తబడింది. పళ్ళ డాక్టరు దొరికినట్టున్నాడు.

"నీళ్ళలోకి దిగిన నీ వాళ్ళని పైకి రమ్మను. ఆమె ఈ చెరువు మొహమే చూడలేదు."

చెప్పాను. ఆమే వచ్చి చూసి ఉంటే మెసేజిలో నాలుగు తొమ్మిది ఉండాలి. కుంగిన స్కేలు అదే చూపిస్తుంది. నాలుగు రెండు కనబడే చోటు ఒక్కటే, కంట్రోల్ రూమ్ తెర. ఎవడో జీపునీ ఫోనునీ ఇక్కడికి తెచ్చి పడేశాడు. మెసేజిలో ఏ అంకె కొట్టాలో మాత్రం ఆ గదిలోంచి ఎవరో చెప్పారు.

మరిది తల గీరుకున్నాడు. "ఆ తెచ్చినవాడే స్కేలు చూసి కొట్టొచ్చుగా?"

"చూడనిచ్చి ఉంటే మనం ఈ జన్మలో పట్టుకోలేకపోయేవాళ్ళం. కానీ ఆ చెప్పినాయనకి తెర మీద ఉన్న నమ్మకం మనుషుల కళ్ళ మీద లేదు. అయిదు దాటాక ఆ గదిలో ఒక్కడే ఉన్నానని తనే గొప్పగా చెప్పుకున్నాడు. ఆ సాక్ష్యమే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. బండి తీయి."

"నా బండికి నువ్వు ఆర్డరేస్తావా?"

"మరి నా స్కూటర్ మీద వెనక కూర్చుంటావా?"

బండి తీశాడు.

మేము వెళ్ళేసరికి దశాంశం భోజనం డబ్బా మూత తీస్తున్నాడు. పోలీసుల్ని చూసి కూడా తొణకలేదు. ఏడు సెంటీమీటర్ల సంగతి చెప్పాను. చేతులు కడుక్కుని తీరిగ్గా కూర్చుని, "ఆవిడే మనసులో ఏడు తీసేసి పంపి ఉండొచ్చు. అలసిపోయిన మనిషి," అన్నాడు.

"ఆవిడా?" ఆపరేటరు కుర్చీలోంచి లేచేసింది. "ఆ రూలు తప్పానని నా చేత వంద మంది ముందు క్షమాపణ చెప్పించిన మనిషి సార్ ఆవిడ!"

ఆయన మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. మరిది ముందుకి వంగాడు. "ఆమె ఎక్కడ?"

"నా లాయరుతో మాట్లాడాలి."

"ఎక్కడుందో చెప్పు!" మరిది బల్ల మీద గుద్దాడు. భోజనం డబ్బా ఎగిరిపడింది. ఆయన మాత్రం గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. లాయరు వచ్చేదాకా ఈయన పెదవి విప్పడని నాకు తెలిసిపోయింది. ఆమె దగ్గర అంత సమయం ఉందో లేదో మాత్రం తెలియదు.

నేను ఆపరేటరు పక్కన కూర్చున్నాను. ఈ ఫీల్డు ఆఫీసరు చెరువుకి వెళ్ళలేదు. అంటే ఎవరికీ చెప్పకుండా మరేదో చోటు సరిచూడటానికి వెళ్ళింది. అక్కడ ఈయన పంపే అంకె ఒకటి, నిజం ఇంకొకటి అయి ఉండాలి.

"యంత్రాలు ఒక్కోసారి పిచ్చి అంకెలు పంపుతాయి కదా. వాటినేం చేస్తారు?"

"కంప్యూటరే ఏరి పారేస్తుందండీ. నీళ్ళు ఒక్క గంటలో మాయమైపోయి, మళ్ళీ గంటకి తిరిగొచ్చేశాయనుకోండి, అలా జరగదు కదా. అలాంటివి మా కళ్ళదాకా రావు. వాటి బదులు మామూలు అంకె వేసేసుకుంటుంది."

"ఈ మూడు రోజుల్లో పారేసినవన్నీ చూపించు తల్లీ."

తీసింది. ఒక్కో చోటికి ఒకటో రెండో ఉన్నాయి. ఒక్క బావికి మాత్రం తెర నిండిపోయింది.

"మూతపడ్డ అద్దకం మిల్లులో బావండీ ఇది," అంది ఆవిడ మెల్లగా. "పెద్ద నేల బావి. ఆ చుట్టుపక్కల నీళ్ళు తోడటం నిషేధం. మట్టం ఎప్పుడూ తగ్గకుండా బాగుంటుందని సార్ ఈ బావిని అందరికీ ఆదర్శంగా చూపిస్తారు."

ఇంకేం కావాలి? దొంగచాటుగా ట్యాంకర్లకి నీళ్ళు అమ్ముకుంటూ తెర మీద మాత్రం అంకెలు మార్చి బావిని నిండుగా చూపిస్తున్నారు. ఆమె కంటితో చూడటానికి వెళ్ళింది. కానీ నా చూపు ఆ అంకెల మీదే ఆగిపోయింది. బావి అడుగు దాకా వైరుకి వేలాడే యంత్రం తన మీద ఎంత లోతు నీళ్ళున్నాయో చెబుతుంది. ఒక గంట తొంభై సెంటీమీటర్లు. తర్వాతి గంట సున్నా. మళ్ళీ తొంభై, మళ్ళీ సున్నా. చూసినంత మేరా అంతే. నీళ్ళలో, గాల్లో, నీళ్ళలో, గాల్లో.

"సెన్సరు పాడై ఉంటుంది," అన్నాడు దశాంశం. లాయరు వచ్చేదాకా నోరు తెరవనన్న మనిషి.

"పాడైన యంత్రం ఇంత పద్ధతిగా పాడవదు సార్. ఎవరో దాన్ని చేత్తో పైకి లాగి పట్టుకుంటున్నారు. ఒక గంట లాగుతున్నారు, ఒక గంట వదులుతున్నారు." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆమె ఆ బావిలో ఉంది. మూడు రోజుల నుంచీ కేకలు పెడుతోంది. మీ కంప్యూటరు వాటిని పిచ్చి అంకెలని పారేస్తోంది."

పెద్దావిడ నా భుజం పట్టుకుంది. వేళ్ళు ఇనప పట్టకార్లలా ఉన్నాయి.

"నమ్మమంటే ఎలా వదినా?" అన్నాడు మరిది. కానీ అప్పటికే వాడి చెయ్యి బండి తాళాల మీద ఉంది.

"గంట దాకా ఆగక్కర్లేదండీ," అంది ఆపరేటరు. "మనం ఇక్కడ మీట నొక్కి పిలిచినా పలుకుతుంది యంత్రం. గంటకోసారి అంకె పంపినప్పుడూ, మనం పిలిచినప్పుడూ బావి పైన పెట్టె మీద చిన్న లైటు వెలుగుతుంది. మూత ఇనప జాలీ కాబట్టి లోపలికి కనబడుతుంది."

పిలిచింది. జవాబు వచ్చింది. నీళ్ళలోనే ఉంది. కాసేపాగి మళ్ళీ పిలిచింది. సున్నా. మళ్ళీ పిలిచింది. నీళ్ళలో. మళ్ళీ. సున్నా.

గంటకోసారి వెలిగే లైటు వేళకాని వేళ వెలిగిందంటే పైన ఎవరో పిలుస్తున్నారని ఆమెకి అర్థమైంది. ఆ సన్నటి వైరు పట్టుకుని ఎక్కబోతే తెగిపోతుంది, తెగితే ఉన్న ఒక్క గొంతూ పోతుంది. అందుకే ఆమె ఎక్కలేదు. ఆడమనిషి అంటే అలా ఉండాలి. నాకు కళ్ళు తిరిగేంత సంతోషం వేసింది, దాచుకోలేదు కూడా.

"పడ్డప్పుడే పోయిందన్నాడే వాడు..." దశాంశం తనలో తను గొణుక్కున్నాడు. కానిస్టేబులు అతని రెక్క పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాను. "నీళ్ళలో అంకె ఇప్పుడెంత?"

ఆపరేటరు కళ్ళజోడు పెట్టుకుంది. "నూట ముప్ఫై నాలుగు. ఈ పొద్దున పది దాకా తొంభయ్యే కదండీ... అప్పట్నుంచీ పెరుగుతోంది."

వాన లేదు. బావిలో నీళ్ళు వాటంతట అవి పెరగవు. మరిది దశాంశం జేబులోంచి ఫోను లాగి కాల్స్ చూశాడు. పొద్దున నేను ఈ గదిలోంచి వెళ్ళిన కాసేపటికే అతను మిల్లు కాపలావాడితో మాట్లాడాడు. ఆమె బతికే ఉందని నేనన్న మాట విని, పారేసిన అంకెలు తీసి చూసుకుని ఉంటాడు. ఇప్పుడు అక్కడెవడో బావిలోకి ట్యాంకరు పైపు వదిలాడు.

"మా కోడలు పొట్టిదండీ," అంది పెద్దావిడ. "నా చెవి దాకా వస్తుంది, అంతే. ఈతొచ్చు. కానీ మూడు రోజులుగా తిండి లేని మనిషి ఎంతసేపని ఈదుతుంది?"

లేచి నిలబడి తన మెడకి రెండు వేళ్ళు అడ్డం పెట్టి చూసుకుంది. నూట ముప్ఫై నాలుగంటే కోడలికి గడ్డం కిందికి వచ్చినట్టే.

మెట్లు ఎలా దిగామో గుర్తులేదు. పెద్దావిడని రమ్మంటే రాలేదు. ఆపరేటరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది. మిల్లుకి ఇరవై నిమిషాల దారి. దగ్గరలో ఉన్న పోలీసు బండిని కూడా పంపమని మరిది వైర్‌లెస్‌లో అరుస్తూనే గేరు మార్చాడు. నేను కంట్రోల్ రూమ్‌తో ఫోను తెరిచే ఉంచాను.

"నూట ముప్ఫై తొమ్మిది," అంది ఆపరేటరు గొంతు.

"మళ్ళీ పిలువు. పైన మనుషులున్నారని ఆమెకి తెలుస్తుండాలి."

ఎదురుగా లారీ అడ్డం వస్తే మరిది హారన్ మీద చెయ్యి తీయలేదు.

"మేడమ్," అంది ఆపరేటరు. "ఈసారి సున్నా రాలేదు. రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ నీళ్ళలోనే ఉంది. పైకి లాగడం లేదు."

మరిది నా వైపు చూడలేదు. బండి ఎగిరి పడింది. ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

అప్పుడు ఫోనులో, ఆపరేటరు వెనక నుంచి పెద్దావిడ గొంతు వినబడింది. రోజూ ఇంట్లో ఎలా అంటుందో అలాగే, గట్టిగా, కసురుతున్నట్టు.

"ఆపకు. మా కోడలు ఒక్క పిలుపుకి ఎప్పుడు పలికింది గనక? మళ్ళీ పిలువు."